కొండ ఊళ్లలో ఇల్లు అద్దెకిచ్చేవారు నిప్పు విషయంలో పెట్టుకోవలసిన నియమాలు

చలికాలంలో దేవమాలి కొండను, కొలాబ్ జలాశయాన్ని చూడడానికి విశాఖ, విజయనగరం వైపు నుంచి ఒడిశాలోని కొరాపుట్ జిల్లాకు వచ్చే కుటుంబాలలో చాలామంది గది మాట్లాడుకునేటప్పుడే చలిమంట వేసుకోనిస్తారా అని అడుగుతారు. మంట వేయరాదని బోర్డు రాసి ఊరుకుంటే, వారు మన కంటపడని చోట, తడిక పక్కనో గడ్డివాము దగ్గరో వేసుకుంటారు. అందుచేత ఏ పనికైనా తగిన చోటు ముందు చూపించి, ఆ తరువాతే మిగిలిన చోట్ల దానిని నిషేధించాలి.

చలిమంటకు ఇంటికీ చెట్ల కొమ్మలకూ కనీసం ముప్పై అడుగుల దూరంలో, గాలి ఇంటి వైపు వీచని దిక్కున చోటు ఎంచుకోండి. నేలను మట్టి కనిపించేదాకా చెక్కి, చుట్టూ రాళ్లు పేర్చండి. ఏటి గుండ్లు మాత్రం వాడవద్దు. వాటిలో తేమ నిలిచి ఉంటే వేడికి పగిలి ముక్కలు ఎగిరిపడతాయి. రెండు బకెట్ల నీళ్లు, ఒక తట్ట ఇసుక, ఒక పార అక్కడే ఉంచాలి. మంట వెలిగించేదీ ఆర్పేదీ మీ మనిషేనని, రాత్రి పది దాటాక కట్టె వేయరని ముందే చెప్పండి. ఆర్పడం చాలామంది తేలికగా తీసుకునే పని. పైన బూడిద తెల్లగా చల్లారినట్టే కనిపిస్తుంది, లోపల కణకణలాడే నిప్పు తెల్లవారేదాకా ఉంటుంది. నీళ్లు పోసి, కర్రతో కలియబెట్టి, మళ్లీ పోసి, అరచేయి వెనుక భాగాన్ని దగ్గరగా పెట్టి చూసి, సెగ లేదని తేలాకే అక్కడి నుంచి కదలాలి.

ఫిబ్రవరి మధ్య నుంచి తొలకరి దాకా ఈ నియమం మారుతుంది. ఆకు రాలి అడవి ఎండిపోయే ఆ రోజుల్లో, పోడు కాల్చడం కూడా సాగే ఆ కాలంలో, ఆరుబయట మంటే వద్దు. ఆ నెలల్లో గది తీసుకునేవారికి ఈ మాట బుకింగు నాడే సందేశంలో పంపాలి.

గదిలోకి కుంపటి అడిగితే ఎంత బతిమాలినా ఇవ్వకండి. మూసిన గదిలో బొగ్గు మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు వాసనా రంగూ ఉండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఈ కారణం వారికి చెప్పి, మరో రెండు రగ్గులు ఇవ్వండి.

వంటగది అతిథులకు అప్పగిస్తే, పడుకునే ముందు రెగ్యులేటరు కట్టేయడం నేర్పాలి. గ్యాసు గాలికన్నా బరువైనది కనుక నేల మీదే పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్చు వేయకుండా, వేసి ఉన్నదాన్ని ఆర్పకుండా తలుపులు తీసి అందరూ బయటికి రావాలి. గ్యాసు లీకుకు 1906 నంబరు ఉంది. కాగుతున్న నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా మూత పెట్టి పొయ్యి ఆర్పాలి. దోమల చుట్టను రేకు పళ్లెంలో, దుప్పటి అంచు తగలని చోట పెట్టించండి.

మంటలార్పే ఏబీసీ పౌడరు సిలిండరును పొయ్యి పైన కాక గుమ్మం పక్కన తగిలించి, దాని మీటరు ముల్లు పచ్చగీతలో ఉందో లేదో నెలకొకసారి చూడాలి. అయితే కొండ దారిలో ఫైరింజను రావడానికి సమయం పడుతుంది కాబట్టి, సామాను కన్నా ముందు మనుషులు బయటపడడమే నియమం కావాలి. దొంగల భయంతో రాత్రి గేటుకు తాళం వేసి కాపలా మనిషి ఇంటికి వెళ్లిపోయే అలవాటు మన ఊళ్లలో ఉంది. ఇది వెంటనే మానాలి. తాళం వేయక తప్పకపోతే, ఒక తాళంచెవి లోపలి గోడకు అందరికీ కనిపించేలా వేలాడాలి.

వచ్చినవారికి ఊరి పేరు కూడా సరిగా తెలియదు. అందుకని అత్యవసర సహాయానికి 112, ఫైరింజనుకు 101 అని రాసి, ఆ నంబర్ల కింద ఊరు, పంచాయతీ, దగ్గరి బడి లేదా గుడి, రోడ్డు మలుపు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు లిపుల్లో రాసి అతికించండి. ఫోనులో దాన్ని చదివితే చాలు. ఈ నియమాలన్నీ కాగితం చేతికిచ్చి వదలక, చీకటి పడకముందే పిల్లలతో సహా అందరినీ చలిమంట చోటు నుంచి గేటు దాకా నడిపించి చూపించాలి. చెప్పినా వినకుండా గదిలో మంట పెట్టినవారిని, ఆ రాత్రి అద్దె పోయినా సరే, ఖాళీ చేయించాలి. బుకింగు సందేశంలోనే ఈ షరతు రాసి ఉంటే అప్పుడు వాదనకు తావుండదు.