క్యాలెండర్‌లో నూనె గీతలు

మా ఆయన రక్తపరీక్ష రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే కొవ్వు) 262, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148 అని ఎక్కువగా వచ్చాక నేను చేసిన మొదటి పని గానుగ పల్లీ నూనె తెప్పించడం. మంచి నూనే కదా అని తాలింపుల్లో చెయ్యి కాస్త జారనిచ్చాను. రెండు నెలల్లో ఆయన రెండు కిలోలు పెరిగారు. నా సంగతి అడగొద్దు. గానుగదైనా రిఫైన్డ్ అయినా గ్రాముకి 9 క్యాలరీలే. అందుకే ముందు కొలత, తర్వాతే రకం.

పాల లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంటుంది కదా, లీటరు ప్యాకెట్ కత్తిరించిన రోజున అందులో ఒక గీత పెట్టండి. నెలాఖరుకి మావి అయిదు గీతలు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. అయిదు లీటర్లు, నలుగురం, 30 రోజులు అంటే తలకి రోజుకి 38 గ్రాములు. ఇందులో నెయ్యి లేదు, బయట తిన్న బజ్జీలు లేవు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 2,000 క్యాలరీల భోజనానికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములే. ఆ లెక్కన మాకు నెలకి మూడున్నర లీటర్లు.

డబ్బా వంచి పోయడం మానేసి టీస్పూన్ పెట్టుకున్నాను. వంకాయ, దొండకాయ ముక్కల్ని ముందు మూతపెట్టి మగ్గించి, చివర్లో నూనె వేసి వేయిస్తే సగం నూనె చాలు. బెండకాయకి మాత్రం ఈ కిటుకు వద్దు, జిగురు తేలుతుంది.

ఇక రకం. బరువు ఒకేలా పెరిగినా కొవ్వు ఎక్కడ చేరుతుందన్నది నూనెని బట్టి మారొచ్చు. స్వీడన్‌లో ఉప్సలా విశ్వవిద్యాలయ పరిశోధకులు 39 మంది యువతీయువకులకి ఏడు వారాల పాటు మామూలు తిండితో పాటు అదనంగా మఫిన్లు పెట్టారు. కొందరికి పామాయిల్‌తో చేసినవి, కొందరికి పొద్దుతిరుగుడు నూనెతో చేసినవి. బరువు అందరికీ ఇంచుమించు ఒకేలా పెరిగింది. కానీ పామాయిల్ తిన్నవాళ్లకి కాలేయంలో, పొట్ట లోపల కొవ్వు ఎక్కువ చేరింది. ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు, అంటే చల్లబడితే గడ్డకట్టే రకం. నెయ్యిలో అంతకంటే ఎక్కువ, కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం. ఆ కొవ్వు ఎక్కువైతే రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కునే పనిలో కాలేయం మందగిస్తుంది.

మా ఇంట్లో కూరలకి పల్లీ నూనె, ఉప్మా, తాలింపులకి పొద్దుతిరుగుడు, ఆవకాయకి నువ్వుల నూనె. నెయ్యి పప్పన్నంలో ఒక్క చెంచా. అది కూడా వద్దంటే మా ఇంట్లో యుద్ధమే. బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూడండి, చాలావాటి మీద పామాయిలో, దాన్నుంచే తీసిన పామోలినో కనిపిస్తుంది. మన క్యాలెండర్‌లో గీత పడని నూనె అది. మూకుట్లో ఒకసారి కాగిన నూనెతో మళ్లీ పిండివంటలు చేయను, మర్నాడు తాలింపులకి వాడేస్తాను.

ట్రైగ్లిజరైడ్స్‌కి నూనె ఒక్కటే కారణం కాదు. అవసరానికి మించిన అన్నం, తీపి, మద్యం కూడా కాలేయంలో కొవ్వుగా మారతాయి. ఈ మాట చెప్పబోతే "ఇప్పుడు అన్నం మీద పడ్డావా?" అన్నారు మా ఆయన. గొడవెందుకని పళ్లెంలో కూర, పప్పు ముందు వడ్డించి, మిగిలిన చోటే అన్నానికి వదిలాను. టీలో చక్కెర ఆయనే మానేశారు.

మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేయించండి. అదే ల్యాబ్‌లో, రాత్రి తిన్నాక 12 గంటలు ఆగి ఇస్తే పోల్చుకోవడం తేలిక. మాత్రలు వాడుతుంటే అంకెలు తగ్గాయని డాక్టరుని అడక్కుండా మానొద్దు. మాకు ట్రైగ్లిజరైడ్స్ 171, ఎల్‌డీఎల్ 129 వచ్చాయి. పోయిన నెల గీతలు నాలుగుకి దిగాయి. ఈ నెల సంక్రాంతి, అరిసెలకే ఒక గీత పోయింది.