పక్కన అపార్ట్‌మెంట్లు లేస్తుంటే మన గవర్నమెంటు బడికి ఎంతమంది పిల్లలొస్తారో లెక్కేసుకోవడం ఎలా

మన విశాఖలో మధురవాడ, కొమ్మాది, ఇటు పెందుర్తి, కూర్మన్నపాలెం ఎటు చూసినా కొత్త బిల్డింగులే, ఇన్ని ఫ్లాట్లొస్తే బడి నిండిపోద్దని కొందరు, ఫ్లాట్లోళ్ళు గవర్నమెంటు బడికి పంపుతారేటి అని కొందరు. ఓనర్ల పిల్లల్లో ఎక్కువమంది ప్రైవేటు స్కూలు బస్సే ఎక్కుతారు, నిజమే, కానీ ఆ బిల్డింగ్ కట్టేవాళ్ళ పిల్లలు, తర్వాత దానికి కాపలా ఉండేవాళ్ళ పిల్లలు, ఆ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ పిల్లలు మన బడికే వస్తారు. వీళ్ళని ఎవరూ లెక్కెయ్యరు, నా బాధంతా అదే.

ముందు బడి పాత లెక్క తియ్యండి. బడుల వివరాలుండే ప్రభుత్వ సైటు యూడైస్ ప్లస్‌లో ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటది, హెడ్మాస్టర్‌ని అడిగినా చెప్తారు. మూడు నాలుగేళ్ళ క్లాసువారీ సంఖ్యలు పక్కపక్కన రాసుకోండి. నిరుడు మూడో క్లాసులో 20 మంది ఉండి ఈ ఏడు నాలుగులో 26 అయ్యారంటే, కనీసం ఆరుగురు బయట్నుంచి వచ్చినట్టే.

తర్వాత బిల్డర్లు ప్రాజెక్టులు రిజిస్టర్ చేసుకునే ఏపీ రెరా సైట్లో మీ ఏరియా ప్రాజెక్టులు చూడండి, ఎన్ని ఫ్లాట్లో, ఎప్పటికి పూర్తవుతాయో ఉంటది. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి చిన్నవి నడిచి చూసుకోవాల్సిందే. బడి నుంచి ప్రైమరీకి కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిదో క్లాసుకి మూడు కిలోమీటర్ల లోపు ఉన్న బిల్డింగులు చూస్తే చాలు.

అసలు పని ఇక్కడుంది. సైటు పక్కన రేకుల షెడ్ల దగ్గరికి వెళ్ళి మాట్లాడండి, శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చిన కుటుంబాలుంటాయి, బడి ఈడు పిల్లలెందరు, ఇంకెన్నాళ్ళుంటారు అని అడగండి, పని అయిపోగానే వెళ్ళిపోతారు కాబట్టి వీళ్ళ లెక్క విడిగా రాయాలి. జనం దిగిపోయిన బిల్డింగుల్లో సెల్లార్‌లో ఉండే వాచ్‌మెన్ కుటుంబాన్ని పలకరించండి. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు ఆ చుట్టుపక్కలే ఎప్పట్నుంచో ఉంటుంటే వాళ్ళ పిల్లలు ఈపాటికే మన బడిలో ఉంటారు, మళ్ళీ కలపకండి. ఇంకోటి, ఆ స్థలంలో ఇంతకుముందు అద్దె గదులో పాకలో ఉంటే అక్కడి పిల్లలు దూరం పోయుంటారు, ఆ సంఖ్య తీసెయ్యాలి, ఒక్కోచోట బిల్డింగ్ వచ్చాక బడిలో పిల్లలు తగ్గేది ఇందుకే.

వచ్చిన మొత్తాన్ని విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌తో పోల్చండి: ఐదో క్లాసు వరకు 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90కి ముగ్గురు, 120 దాకా నలుగురు, 200 దాకా ఐదుగురు. 85 మంది ఉన్న బడికి పదిమంది కొత్తగా వస్తే నాలుగో టీచర్‌ని అడగొచ్చన్నమాట. చంద్రంపాలెం హైస్కూల్లాంటి పెద్ద బడికి ఈ లెక్క సరిపోదు, ఆరు నుంచి ఎనిమిదికి 35 మందికొక టీచర్ చొప్పున చూడాలి.

జూన్‌లో బడి తెరిచాక అడిగితే లాభం లేదు, ఫిబ్రవరి మార్చికల్లా పేరెంట్స్ కమిటీ మీటింగ్‌లో పెట్టి తీర్మానం రాయించండి, కాపీ ఎంఈవోకి, అంటే మండల విద్యాధికారికి ఇవ్వండి, కదలకపోతే సోమవారం కలెక్టరేట్లో అర్జీ పెట్టండి. షెడ్లలో పిల్లలు కనిపిస్తే వాళ్ళ అమ్మానాన్నలకి ఒక్కమాట చెప్పండి, టీసీ రాకపోయినా, పుట్టిన తేదీ కాగితం లేకపోయినా, ఏడాది మధ్యలో వచ్చినా బడిలో చేర్చుకోవాల్సిందే, చట్టంలోనే ఉంది.