తరగతిలో ఒక పిల్లని పక్కన పెట్టేస్తుంటే, తోటి పిల్ల తల్లిగా ఏం చేయాలి

బడి నుంచి వచ్చిన పిల్లని "ఇవాళ ఏం చెప్పారమ్మా" అని అడిగితే "ఏం లేదు" అంటుంది, సంచి పారేసి ఆటకి పోతుంది. "ఇవాళ ఎవర్ని నిలబెట్టారు? ఎవర్ని అసలు అడగలేదు?" అని అడిగి చూడండి. గుక్క తిప్పుకోకుండా చెప్తుంది. వారం పది రోజుల పాటు ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తోందంటే అక్కడ ఏదో జరుగుతున్నట్టే. ఆ పిల్ల మన పిల్ల కాకపోయినా కదలాల్సింది మనమే. ఆ ఇంట్లో వాళ్లకి చాలాసార్లు సంగతి తెలియదు. తెలిసినా బడికి వచ్చి అడిగే ధైర్యం ఉండదు.

నేను మూడో తరగతిలో ఉండగా ఇది కళ్లారా చూశాను. మాది గోదారి పాయ వశిష్ఠ గట్టు పక్క ఊరు. 1986 ఆగస్టు వరదకి ఏటి మధ్య ఉండే లంక ఊళ్లు మునిగిపోయాయి. నా పక్కన కూర్చునే పిల్లది లంకే, రోజూ పడవ దాటి వచ్చేది. వరద తీశాక బడికి వచ్చింది గానీ పలకా పుస్తకాలూ గోదాట్లో కలిసిపోయాయి. "పుస్తకాల్లేకుండా బడికెందుకొచ్చావు" అని మాస్టారు గుమ్మం పక్కన నిలబెట్టారు. ఒక్కరోజుతో అయిపోలేదు, దసరా సెలవుల దాకా అదే వరస. హాజరు పిలిచేటప్పుడు తన పేరు దాటేసేవారు. మేం ఎక్కాలు వల్లిస్తుంటే తను గోడకున్న సున్నం మీద గోటితో రాసుకునేది. కాలు నొప్పి పుడితే రెండో కాలి మీదికి మారేది, రాయడం మాత్రం ఆపేది కాదు. ఒకనాడు ఏడో ఎక్కం ఆయన కంటబడింది. ఏడు పదులు డెబ్బై దాకా ఒక్క తప్పు లేదు. గోడ పాడు చేసిందని అరచేతుల మీద కొట్టారు. సంక్రాంతి తర్వాత ఆ పిల్ల ఇక రాలేదు, వాళ్లమ్మతో కొబ్బరి పీచు పనికి పోయింది.

ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. అంతకంటే బాధ ఏమిటంటే, ఆ గుమ్మం ముందు నుంచి రోజూ ఎంతోమంది పెద్దవాళ్లు పొలాలకీ రేవుకీ పోయేవారు. ఒక్కరు ఆగి "ఆ పిల్లనెందుకండీ నిలబెట్టారు" అని అడిగుంటే సరిపోయేది. ఇప్పుడు మా ఊరి బడి కమిటీలో ఉన్నాను కాబట్టి, అలా అడిగే పద్ధతి ఎలా ఉండాలో చెప్తాను.

పిల్లల మాట నమ్మండి, కానీ అది పట్టుకుని వెంటనే బడికి పరిగెత్తకండి. ముందు నోటుపుస్తకం చూడండి. చదువుకోవడానికని ఆ పాపని ఓ సాయంత్రం మీ ఇంటికి రమ్మనండి. రెండు నోట్లూ పక్కపక్కన పెట్టండి. మీ అమ్మాయి నోటులో పేజీ పేజీకీ ఎర్ర టిక్కు, తేదీ ఉండి, ఆ పాప నోటులో నెల నుంచీ సిరా చుక్క పడలేదంటే, ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇద్దరివీ ఖాళీగా ఉంటే సంగతి వేరు. రెండు మూడు తరగతులు ఒక్కరే చూసుకునే బళ్లున్నాయి. అలాంటి చోట మాస్టారికీ సాయం కావాలి, ఆయన్ని దోషిని చేయకూడదు. గట్టిగా మాట్లాడే టీచరు వేరు, ఒకే పిల్లని లేనట్టు చూసే టీచరు వేరు.

తర్వాత ఆ తల్లి దగ్గరికి వెళ్లండి. కూలికి పోయేవాళ్లయితే పొద్దుట వెళ్లొద్దు, పొద్దుపోయాక వెళ్లండి. "మీ పిల్లకి చదువు రావట్లేదంట" అని మొదలెడితే ఆ రాత్రి ఆ పిల్లకి దెబ్బలు పడతాయి. "వదినా, మీ పాపని వెనకాల కూర్చోబెడుతున్నారంట, నీకేమైనా చెప్పిందా?" అనండి. చాలామంది చెప్పే మాట ఒకటే: "ఆయ్, మనం అడిగితే పిల్ల మీద కక్ష కడతారేమోనండి." ఆ భయంలో న్యాయముంది. అందుకే ఆమెని ఒంటరిగా పంపొద్దు, ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి వెళ్లండి. ఆమె వద్దంటే ఆగండి, మళ్లీ మాట్లాడండి. పిల్ల ఒంటి మీద దెబ్బలుంటే మాత్రం ఆగడానికి లేదు.

టీచరుతో మాట్లాడేది సాయంత్రం గంట కొట్టి, పిల్లలు వెళ్లాక. నిర్లక్ష్యం, వివక్ష లాంటి మాటలు మొదటిరోజే వాడితే ఆయన బిగుసుకుపోతారు. చేయగలిగిన చిన్న పని అడగండి: "మాస్టారూ, ఈ పాప నోటు దిద్ది చాలా రోజులైనట్టుందండి. ఓ నాలుగు రోజులు ముందు వరసలో కూర్చోబెట్టి చూస్తారా?" చాలామటుకు ఇక్కడే సర్దుకుంటుంది. రెండు వారాలాగి మళ్లీ నోటు చూడండి.

ఈలోగా పిల్లకి బోర్డు కనిపిస్తోందో లేదో, మాట వినిపిస్తోందో లేదో చూపించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బళ్లలో పిల్లలకి పరీక్షలు చేస్తారు, మీ ఏఎన్ఎంని అడిగితే చెప్తారు. చదవడం, రాయడంలో ఉండే ప్రత్యేక ఇబ్బందుల్ని కూడా 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. దాన్ని మొద్దుతనం అనే హక్కు ఎవరికీ లేదు.

మన డెల్టాలో వరద రోజుల్లో ఇంకొంచెం కనిపెట్టుకుని ఉండాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా కాజ్‌వేలు మునుగుతాయి, లంక పిల్లలు రోజుల తరబడి రాలేరు. వాళ్లు తిరిగొచ్చిన మొదటి రోజే పుస్తకాలున్నాయా అని కనుక్కోండి. ప్రభుత్వ బడి పుస్తకాలు ఉచితమే, తడిసిపోతే ఇంకో సెట్టు కోసం హెడ్‌మాస్టరు ద్వారా మండల కార్యాలయంలో అడిగించండి. అవి వచ్చేదాకా మన పిల్ల పుస్తకం ఇద్దరూ చూసుకోవాలి. చాలా రోజులు రాలేదని పేరు కొట్టేస్తామంటే ఒప్పుకోవద్దు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోగా ఏ పిల్లనీ బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెప్తోంది.

మెత్తగా చెప్తే వినకపోతే ఆ చట్టమే పట్టుకోవాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 17వ సెక్షన్ ప్రకారం కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధం. చేసినవాళ్ల మీద సర్వీసు నిబంధనల కింద చర్య తీసుకోవచ్చు. ఇది ప్రైవేటు బడికీ వర్తిస్తుంది. ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీ ఉంటుంది. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. విషయం ఆ మీటింగులో మాట్లాడి వదిలేయకండి, మినిట్స్ పుస్తకంలో రాయించండి. రాతలోకి వచ్చాక హెడ్‌మాస్టరు కదిలి తీరతారు.

అక్కడా తేలకపోతే మండల విద్యాశాఖాధికారికి ఫిర్యాదు రాయండి. పెద్ద భాష అక్కర్లేదు. ఏ తేదీన ఏం జరిగింది, ఎవరు చూశారు, మీరేం కోరుతున్నారు, ఈ మూడూ ఉంటే చాలు. స్థానిక సంస్థకిచ్చిన ఫిర్యాదు మూడు నెలల్లో తేల్చాలని 32వ సెక్షన్ అంటోంది, అందుకే నకలు మీద అందినట్టు సంతకం, తేదీ, ముద్ర తప్పకుండా వేయించుకోండి. పిల్లకి దెబ్బ తగిలినా, బడికి వెళ్లడానికే భయపడుతున్నా ఈ వరసలేవీ చూడొద్దు. 1098కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, ఏ వేళైనా ఎత్తుతారు.