జీన్ ఆట్రీ పాటల కౌబాయ్ సినిమాలు: ఎక్కడ మొదలుపెట్టి ఎలా చూడాలి

కౌబాయ్ అనగానే మనలో చాలామందికి 1971లో కృష్ణ గారు చేసిన మోసగాళ్లకు మోసగాడు గుర్తొస్తుంది. అది ఇటాలియన్ సినిమాల బాణీ. అంతకు చాలా ముందే, 1930ల హాలీవుడ్‌లో ఇంకో రకం కౌబాయ్ ఉండేవాడు, శుభ్రమైన చొక్కా, చేతిలో గిటార్, దొంగల్ని పట్టుకునే పని మధ్యలో కూడా హాయిగా పాట పాడేస్తాడు. ఆ రకానికి పెద్ద స్టార్ జీన్ ఆట్రీ. 1934 నుంచి 1953 దాకా 93 సినిమాల్లో కనిపించాడు కాబట్టి చేతికి దొరికింది పెట్టేస్తే మధ్యలోనే విసుగొస్తుంది.

ముందు సినిమా జోలికి వెళ్లకండి, పాటలు వినండి. ఓక్లహోమాలో రైల్వే టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా పనిచేసి, అక్కడి నుంచి రేడియోకి వెళ్లి, 1931లో జిమ్మీ లాంగ్‌తో కలిసి పాడిన 'దట్ సిల్వర్ హెయిర్డ్ డాడీ ఆఫ్ మైన్' రికార్డుతో జనానికి దగ్గరైన మనిషి ఆయన. సినిమావాళ్లు పిలిచింది ఆ గొంతు కోసమే. ఇది తెలిస్తే తొలి సినిమాల్లో ఆయన నటన బిగుసుకుపోయినట్టున్నా మీకు ఇబ్బంది అనిపించదు.

తర్వాత 1935 నాటి 'ది ఫాంటమ్ ఎంపైర్'. థియేటర్లలో విడివిడిగా వేసిన 12 భాగాల సీరియల్, మొదటి రెండు మూడు చూస్తే చాలు. హీరో రోజూ మధ్యాహ్నం రెండింటికి రేడియోలో పాడకపోతే కాంట్రాక్టు పోతుంది, కిందేమో భూగర్భంలో రోబోలతో ఒక రాజ్యం! వెంటనే అదే ఏడాది వచ్చిన 'టంబ్లింగ్ టంబుల్‌వీడ్స్' చూడండి, రిపబ్లిక్ అనే సినిమా సంస్థలో ఆయన తొలి హీరో సినిమా. పాట, గుర్రం, పక్కన నవ్వించే స్మైలీ బర్నెట్, ఈ పద్ధతి అక్కడే కుదురుకుంది. చాలా సినిమాల్లో పాత్ర పేరు కూడా జీన్ ఆట్రీయే.

ఒక్క జాగ్రత్త, ఇది మాత్రం మర్చిపోవద్దు: నిడివి చూసుకోండి. టీవీలో గంట స్లాట్‌కి సరిపోవాలని చాలా సినిమాల్ని సుమారు 53 నిమిషాలకు కత్తిరించారు, ఆ కోతలో పాటలు కూడా పోయాయి. 1939 నాటి 'సౌత్ ఆఫ్ ది బోర్డర్' అసలు 70 నిమిషాల పైనే ఉంటుంది. పునరుద్ధరించిన పూర్తి ప్రింట్ దొరికే దాకా ఆగండి, పాటలు లేని ఆట్రీ సినిమా చూసి లాభం లేదు.

1938 దగ్గర కాసేపు ఆగి రాయ్ రోజర్స్ సినిమా ఒకటి చూడండి. ఆట్రీ సినిమా కావాలంటే తాము తీసిన మిగతా సినిమాలు కూడా థియేటర్లవాళ్లు కొనాల్సిందే అని రిపబ్లిక్ వాళ్లు అనేవారు, అది ఆయనకు నచ్చలేదు, పారితోషికం గొడవ కూడా ఉంది, షూటింగుకి రావడం మానేశాడు. ఆ ఖాళీలో లియొనార్డ్ స్లై అనే గాయకుడికి రాయ్ రోజర్స్ అని పేరు పెట్టి 'అండర్ వెస్టర్న్ స్టార్స్'తో హీరోని చేశారు. ఇద్దర్నీ వరసగా చూస్తే తేడా బాగా తెలుస్తుంది: రోజర్స్ చురుకైన నటుడు, ఆట్రీది మన పక్కన కూర్చుని పాడుతున్నట్టుండే గొంతు. నాకు ఆట్రీయే ఇష్టం.

1942లో ఆట్రీ సైన్యంలో చేరి విమానాలు నడిపాడు. తిరిగొచ్చాక 1947 నుంచి కొలంబియా సినిమా సంస్థకి చేసినవి చివర్లో చూడండి, వాటిలో పాటలు తగ్గాయి. అమెరికాలో లాస్ ఏంజెలెస్ వైపు ఉన్నవాళ్లు గ్రిఫిత్ పార్కులో ఆయన పెట్టిన మ్యూజియానికి కూడా వెళ్లొచ్చు, 1988లో తెరిచారు.