ఇసుక ఏటి ఒడ్డున బస: నమీబియా వెళ్లేముందు

నమీబియా వాయవ్య మూలన, కునేనే ప్రాంతంలో హోవానిబ్ అనే ఏరుంది. ఏడాదిలో చాలా రోజులు అందులో ఇసుకే కనిపిస్తుంది. ఎడారి ఏనుగుల్ని చూడటానికి ఆ ఒడ్డున సఫారీ క్యాంపులో దిగేవాళ్లు ఆ ఇసుకను చూసి ఏరు ఎండిపోయిందనుకోకండి. నీళ్లు కిందున్నాయి. మన వాగుల్లో చెలమలు తవ్వినట్టే ఏనుగులు ఇసుకలో గుంటలు చేసుకుని తాగుతాయి. ఒడ్డునున్న ఆనా చెట్ల కాయలంటే వాటికి ప్రాణం. జంతువులు తిరిగే దారి ఆ ఏరే, మన టెంటు ఉండేదీ దాని పక్కనే.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా వరద భయం ఉంటుంది. తూర్పున ఎక్కడో దూరాన కురిసిన వాన ఇక్కడికి వస్తుంది. తలమీద మబ్బు తునక కూడా ఉండదు, ఏరు మాత్రం వచ్చేస్తుంది. సొంత టెంటు తీసుకెళ్లేవారు నీడ ఎంత చల్లగా ఉన్నా ఏటి ఇసుకలో మాత్రం వేయకండి. బండి ఆపి భోజనాలకు కూర్చున్నా గట్టు మీదే కూర్చోండి.

చీకటి పడ్డాక టెంటు నుంచి భోజనశాల పది అడుగులే ఉన్నా సిబ్బంది తోడు లేకుండా కదలొద్దు. సింహాలు, హైనాలు రాత్రిపూట తిరుగుతాయి. పిల్లలతో వెళ్తుంటే ఈ మాట వాళ్లకు ముందే గట్టిగా చెప్పండి. అరటిపళ్లు, నారింజలు, మనం మోసుకెళ్లే ఆవకాయ, జంతికలు టెంటులో పెట్టుకోకుండా వంటశాలలో ఇచ్చేయండి. ఏనుగు ముక్కు చాలా చురుకైనది. చెప్పులు, బూట్లు లోపలే పెట్టుకుని, పొద్దున దులిపి తొడుక్కోండి, తేళ్లుంటాయి.

ఉత్తరాన అంగోలా సరిహద్దులో పారే కునేనే నది దగ్గర దిగితే సంగతి వేరు. అందులో ఏడాది పొడవునా నీళ్లుంటాయి, మొసళ్లూ ఉంటాయి. చేతులు కడుక్కోవడానికైనా అంచుకు దిగొద్దు. అక్కడ మలేరియా కూడా ఉంది. డాక్టర్‌ను అడిగి ప్రయాణానికి ముందే మాత్రలు మొదలుపెట్టండి. తిరిగొచ్చాక రెండు మూడు నెలల్లో జ్వరమొస్తే, ఆఫ్రికా వెళ్లొచ్చామని డాక్టర్‌కు మొదటే చెప్పండి. ఇది చాలామంది మర్చిపోతారు. అందుకే నాకు దీని గురించే ఎక్కువ టెన్షన్.

బీపీ, షుగర్ మందులు అనుకున్న రోజుల కంటే వారం ఎక్కువే పట్టుకెళ్లండి. దగ్గర్లో మందుల షాపు ఉండదు, ఆసుపత్రికి గంటల ప్రయాణం. విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు మీ ఇన్సూరెన్స్ భరిస్తుందో లేదో కాగితం చదివి చూసుకోండి. చిన్న విమానాల్లో మామూలుగా 20 కిలోల మెత్తటి సంచినే ఒప్పుకుంటారు. ఎడారే కదా అని స్వెటర్ మానేయకండి. జూన్ నుంచి ఆగస్టు దాకా రాత్రులు బాగా చలి, అట్లాంటిక్ వైపు నుంచి పొగమంచు కూడా వస్తుంది.

సొంతంగా కారు నడిపేవాళ్లు రెండు స్టెప్నీలు, మనిషికి రోజుకు ఐదు లీటర్ల చొప్పున తాగునీరు, శాటిలైట్ ఫోన్ లేకుండా హోవానిబ్ దారిలో ఉన్న చిన్న ఊరు సెస్‌ఫాంటీన్ దాటకండి. అక్కడే ట్యాంకు నిండా డీజిల్ కొట్టించుకోండి.