క్రూయిజ్ ఓడలో కుటుంబ సభ్యులు ఒకరికొకరు అందుబాటులో ఉండటం ఎలా

వేసవిలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకుని, సియాటిల్ రేవు నుంచి అలాస్కాకు వారం రోజుల క్రూయిజ్‌కు వెళ్లే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. మూడు తరాలవారూ కలిసే ఓడ ఎక్కుతారు గాని, గంట తిరిగేసరికి పిల్లలు ఈత కొలను దగ్గర, తాతయ్య పై డెక్కు (ఓడ అంతస్తు) మీద, అమ్మమ్మ క్యాబిన్‌లో, ఎవరి లోకంలో వారుంటారు. చేతిలో ఫోన్ ఉంది కదా అన్న ధీమా మాత్రం ఓడ రేవు దాటిన కాసేపటికే సడలిపోతుంది. అందుచేత ముందుగా ఫోన్ సంగతి తేల్చుకుని, ఆ తరువాత ఫోన్ లేకుండా కలుసుకునే ఏర్పాటు చేసుకోవాలి. నా మటుకు రెండోదే ముఖ్యమని తోస్తుంది.

తీరానికి దగ్గరగా ఉన్నంతసేపు ఫోన్ ఒడ్డున ఉన్న టవర్లను అందుకుంటుంది. తీర జలాలు దాటి, అంటే సుమారు 12 నాటికల్ మైళ్ల అవతలికి వెళ్లాక, సాధారణంగా ఓడ తన సొంత సెల్ నెట్‌వర్క్‌ను నడుపుతుంది. అది ఉపగ్రహం ద్వారా పనిచేసేది, ఖరీదైనది. మామూలు అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్‌లలో చాలావాటికి ఇది వర్తించదు. కాబట్టి ఓడ బయలుదేరకముందే ప్రతి ఒక్కరి ఫోన్‌నూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆ తరువాత వై-ఫైని మాత్రం విడిగా ఆన్ చేయాలి. పెద్దవాళ్ల ఫోన్లలో ఈ పని వాళ్లకు అప్పగించకుండా మీరే చేయండి. ఆ స్థితిలో భారతీయ సిమ్‌కు సాధారణంగా ఎస్సెమ్మెస్‌లు అందవు, అంటే బ్యాంకు ఓటీపీ కూడా రాదు; ఆ లావాదేవీలన్నీ ఒడ్డునే ముగించుకోవాలి. వాట్సాప్‌ను తీసేసి మళ్లీ వేసుకునే ప్రయోగాలు కూడా ఓడ మీద వద్దు, ఎందుకంటే దానికీ ఓటీపీ కావాలి.

వై-ఫై అనగానే ఇంటర్నెట్ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఓడ లోపలి నెట్‌వర్క్ వేరు, డబ్బు కట్టి తీసుకునే ఇంటర్నెట్ వేరు. రెండు డెక్కుల కింద ఉన్న మనవడికి వాట్సాప్‌లో పంపిన మాట కూడా ఉపగ్రహం దాకా వెళ్లి రావలసిందే గనుక దానికి ఇంటర్నెట్ ప్యాకేజీ తప్పదు. ఓడ సంస్థల సొంత యాప్‌లలోని సందేశ సౌకర్యం, ఉదాహరణకు డిస్నీ నావిగేటర్‌లోనూ కార్నివాల్ హబ్‌లోనూ ఉన్నది, ఓడ లోపలి వై-ఫై మీదే నడుస్తుంది. కొన్ని సంస్థలు దీన్ని ఉచితంగా ఇస్తాయి, కొన్ని కొద్దిపాటి రుసుము తీసుకుంటాయి. ప్రిన్సెస్ అనే సంస్థ ఓడల్లో మెడలో మెడాలియన్ అనే బిళ్ల వేసుకుంటే, మనవాళ్లు ఓడలో ఎక్కడున్నారో యాప్‌లో కనిపిస్తుంది. మీరు ఎక్కబోయే ఓడ సంస్థ యాప్‌ను, తెలుగు కీబోర్డును ఇంట్లోనే దించుకుని, ఓడ ఎక్కిన మొదటి గంటలో అందరూ ఒకచోట కూర్చుని ఒకరినొకరు చేర్చుకోండి. తెర ఆరిపోయి ఉన్నప్పుడు సందేశం వచ్చినా ఫోన్ మోగకపోవచ్చు కాబట్టి, అప్పుడప్పుడు తెరిచి చూడాలన్న ఒప్పందం కూడా ఉండాలి.

ఇండియాలో ఉన్నవారితో మాట్లాడటానికి ఇంటర్నెట్ ప్యాకేజీ కావాలి. అందరికీ అక్కర్లేదు, ఒక్క ఫోన్‌కు చాలు. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న పాత తరహా ఉపగ్రహాల ద్వారా మాట్లాడితే మాట చేరి జవాబు రావడానికి అర సెకను దాటేది. పైగా అలాస్కా అంత ఉత్తరాన అవి ఆకాశంలో బాగా కిందికి కనిపించడం వల్ల కొండలు అడ్డొచ్చేవి. 2022లో రాయల్ కరీబియన్ అనే ఓడ సంస్థ మొదలుపెట్టాక చాలా ఓడల్లోకి వచ్చిన స్టార్‌లింక్ ఇంటర్నెట్ సేవ ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి కనుక వీడియో కాల్ ఇప్పుడు సాధ్యమే. వేసవిలో అలాస్కా సమయం ఇండియా సమయానికి పదమూడున్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ సాయంత్రం ఏడైతే గుంటూరులో మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర, అందరూ కాఫీ తాగి తీరిగ్గా మాట్లాడే వేళ.

ఇక ఫోన్ అవసరం లేని పద్ధతులు. క్యాబిన్‌లో ఉండే ఫోన్ నుంచి మరో క్యాబిన్‌కు మాట్లాడటం ఉచితం, పెద్దవాళ్లకు ఇంతకంటే తేలికైన సాధనం లేదు. క్యాబిన్ తలుపులు సాధారణంగా ఉక్కువి కాబట్టి అయస్కాంతంతో చీటీ అంటించవచ్చు. లోపల ఎవరూ లేరన్న సంగతి దారిన పోయేవారికి తెలియకుండా ఆ చీటీ తెలుగులో రాయడం మనకున్న సౌలభ్యం. వాకీటాకీల మీద మాత్రం నాకు నమ్మకం లేదు: ఉక్కు గోడలు, అంతస్తులు దాటి వాటి మాట సరిగా వినిపించదు. అన్నిటికంటే గట్టిది భోజన వేళ. రాత్రి భోజనానికి రోజూ ఒకే సమయం, ఒకే బల్ల ఉండేలా బుకింగ్‌లోనే కోరండి. పగలు మరో రెండు వేళలకు ఒక చోటు నిర్ణయించుకోండి. ఆ చోటు "లిఫ్టు దగ్గర" అని కాకుండా, ఏ డెక్కు, ముందు లిఫ్టులా వెనక లిఫ్టులా అన్నది స్పష్టంగా చెప్పాలి. మా అత్తగారు ఒకసారి ముందు లిఫ్టు దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డారు, మేమంతా వెనక లిఫ్టు దగ్గర ఆవిడ కోసం కంగారుపడుతూ ఉన్నాం.

వేళ అనుకున్నప్పుడు అది ఓడ సమయమేనా, అంటే ఓడలో పాటించే గడియారం ప్రకారమేనా అన్నది చూసుకోవాలి. సియాటిల్‌కూ అలాస్కాకూ గంట తేడా ఉంది. ఒడ్డున టవర్‌ను అందుకున్న ఫోన్ తనంతట తానే గడియారం మార్చుకుంటుంది, కానీ ఓడ తన సమయం ప్రకారమే బయలుదేరుతుంది. తాతయ్య చేతి గడియారాన్ని ఓడ సమయానికి సరిచేసి అందరూ దాన్నే అనుసరించడం మేలు.

ఏడు పొట్టి కూతలు, ఒక పొడవాటి కూత వినిపిస్తే అది అత్యవసర సంకేతం. అప్పుడు ఒకరినొకరు వెతుక్కోకుండా, ఎవరికి వారు తమకు కేటాయించిన మస్టర్ స్టేషన్‌కు, అంటే అత్యవసర వేళ అందరూ చేరవలసిన చోటికి వెళ్లాలి. పిల్లల క్లబ్బులో ఉన్నవారి బాధ్యత సిబ్బందిది. వారిని ఎక్కడికి చేరుస్తారో ముందుగానే అడిగి తెలుసుకోండి. క్యాబిన్ నంబరు, మస్టర్ స్టేషన్ రాసిన చీటీ అందరి జేబుల్లోనూ ఉండాలి.

జునో, కెచికన్ వంటి రేవుల్లో దిగే రోజున, ఆ రోజు కార్యక్రమ పత్రంలో ఉండే రేవు ఏజెంటు (ఆ రేవులో ఓడ సంస్థ తరఫున పనిచేసే ప్రతినిధి) నంబరును ఫోటో తీసుకోండి. దారి తప్పిన వారికి ఓడతో మాట్లాడే మార్గం అదే. ఒడ్డున ఏరోప్లేన్ మోడ్ తీసేసినవారు, తిరిగి ఓడ ఎక్కుతూనే దాన్ని మళ్లీ పెట్టుకోవాలి.