పెన్నీ షేరు (కొద్ది రూపాయలకే దొరికే చిన్న కంపెనీ షేరు) కొనే ముందు జాగ్రత్తలు

- చిత్తూరు మండీలో తోతాపురి అమ్మిన డబ్బు, పాల బిల్లు, పిల్లల ఫీజుకు దాచింది ఇందులో పెట్టనే వద్దు.

- టిప్పు ఇచ్చినవాళ్ల సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. సలహాదారుదైతే ఐఎన్‌ఏతో, రీసెర్చ్ అనలిస్టుదైతే ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. సెబీ సైట్‌లో సరిచూడండి.

- అన్నిటికన్నా ముఖ్యం, తిరిగి అమ్ముడుపోతుందా అన్నది. 5 శాతం లోయర్ సర్క్యూట్ (ఒక రోజులో ధర పడగల గరిష్ఠ హద్దు) పడితే ఆర్డర్ బుక్‌లో కొనేవాళ్ల వైపు సున్నా కనబడుతుంది, మీ ఆర్డరు క్యూలోనే ఉండిపోతుంది. వరసగా 10 రోజులు అలా పడితే ₹4 షేరు సుమారు ₹2.40కి దిగుతుంది. మధ్యలో బయటపడే దారి ఉండదు.

- ఏఎస్‌ఎం, జీఎస్‌ఎం, ఈఎస్‌ఎం అనే రిస్కు షేర్ల నిఘా జాబితాల్లో ఆ షేరు ఉందేమో, ప్రమోటర్లు (కంపెనీ ప్రధాన యజమానులు) తమ వాటా తాకట్టు పెట్టారేమో ఎక్స్ఛేంజీ సైట్‌లో చూడండి.

- మార్కెట్ ఆర్డరు (ఆ క్షణంలో ఎంత ధరుంటే అంతకు) వద్దు, లిమిట్ ఆర్డరే (మీరు పెట్టిన ధర దాటకుండా).